ఎడమచేతి ట్రంపెట్

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పర్వతాలు అరిస్తే ఆ ఠాణాలో ఎవరూ బెదరరు. చాయ్ చల్లారిందని అరుస్తాడు, ఫ్యాన్ చప్పుడు చేస్తోందని అరుస్తాడు, సంతకానికి కాగితం పెడితే పెన్ను బాగాలేదని అరుస్తాడు. అది రోజూ ఉండేదే. ఆయన నవ్వాడంటే మాత్రం ఆ పూట ఎవరికో మూడిందని హోంగార్డుతో సహా అందరికీ తెలుసు.

గురువారం పొద్దున మంజులను చూసి నవ్వాడు.

"రా మంజులా, రా. ప్రైవేటు డిటెక్టివ్‌వి అయినవంట గద. తప్పిపోయిన మేకలను వెతుకుతున్నవా, లేచిపోయిన జంటలను పడుతున్నవా?"

"గిరాకీ లేదు సార్. గోదాము కాలిన కేసుల మీరు పట్టుకున్న పిల్లగాన్ని చూసి పోదామని వచ్చిన."

ఆ పిల్లగాడి వకీలు ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. పర్వతాలు దాన్ని చదవకుండానే పక్కకు తోసి, కానిస్టేబుల్ ఎల్లేష్‌కు సైగ చేశాడు. అంత సులువుగా ఒప్పుకోవడమే మంజులకు నచ్చలేదు.

ఆరేళ్ల కిందట ఆమె ఇదే మనిషి కింద ఎస్సై. గుర్వయ్య అనే గొర్రెల కాపరిని దొంగతనం కేసులో పట్టుకొచ్చి, సొమ్ము దాచిన జాగా చూపిస్తాడని చెప్పి జీపులో తీసుకుపోయాడు పర్వతాలు. గుర్వయ్య శవమై తిరిగొచ్చాడు. పారిపోబోయి బావిలో పడ్డాడని పంచనామా రాసి మంజులను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. దానివల్ల గుర్వయ్య భార్యకు న్యాయమేమీ జరగలేదు, మంజుల ఉద్యోగం మాత్రం పోయింది. పర్వతాలు ఒంటి మీద ఈగ కూడా వాలలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు నోరు చేదుగా అవుతుంది.

లాకప్‌లో ఇమ్రాన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా దవాఖాన కట్లున్నాయి.

"చేతులెట్లున్నయి?"

"మంట తగ్గిందక్కా. ఎడమ చెయ్యి వేళ్లే వంగుతలేవు."

ఆ మాట చెప్పి తల దించుకున్నాడు. ఎడమ చేతి వేళ్లు పోతే అతని బతుకుదెరువు పోయినట్టే. నార్కట్‌పల్లిలో వాళ్లది పెళ్లి బ్యాండు కుటుంబం. లోకమంతా ట్రంపెట్ మీటలు కుడి చేత్తో నొక్కుతుంది. ఆ ఇంట్లో మాత్రం నాలుగు తరాలుగా ఎడమ చేత్తో నొక్కుతారు. ముత్తాత లాల్ మియాకు చిన్నతనంలో గడ్డి కోసే మిషన్‌లో పడి కుడి చేతి వేళ్లు పోయాయి. అయినా పట్టుబట్టి ఎడమ చేత్తో నేర్చుకుని, సిపాయిల పల్టన్ బ్యాండులో ఊది, తర్వాత సికింద్రాబాద్‌లో దొరలు నాట్యం చేసే జాజ్ ఆర్కెస్ట్రాలో చేరాడు. కొడుకులకు నేర్పేటప్పుడు వాళ్ల చేత కూడా ఎడమ చేతే పెట్టించాడు. పదివేళ్లూ సక్రమంగా ఉన్నవాడైనా సరే ఉస్తాద్ పట్టినట్టే పట్టాలి, అది ఆ ఇంటి అదబు, మర్యాద. పెళ్లి ఊరేగింపు బరాత్‌లో వాళ్లను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

"వకీలు చెప్పిన ఆ పాత సినిమా రీలు సంగతి మొదటిసంది చెప్పు," అంది మంజుల. "ఉన్నదున్నట్టు చెప్పు. ఏదీ దాచకు."

"టెంట్ హౌస్ సీతారాములు తాత తెలుసు గద అక్కా, రామన్నపేట తొవ్వల. షామియానాలు, కుర్చీలు కిరాయికి ఇచ్చెటోడు. పెండ్లిళ్లల్ల మా బ్యాండు, ఆయన టెంటు ఎప్పుడూ ఒక్కకాడనే. వాళ్ల బాపుకు అప్పట్ల టూరింగ్ టాకీసు ఉండె. జర్మనీ లడాయి అయిపోయినంక మిలిటరీ క్యాంటీన్ సామాను హర్రాజు పెడితే ఒక పెద్ద పెట్టె కొన్నడట. బీరువా అంత ఉంటది. పైన అద్దం తెర. ఆణా బిళ్ల ఏస్తే మూడు నిమిషాల పాట బొమ్మ ఆడేది. జాజ్ ఆర్కెస్ట్రావాళ్లు వాయిస్తుంటే తీసిన బొమ్మలు."

"అందుల మీ ముత్తాత ఉన్నడని ముందే తెలుసా?"

"తెల్వది. పెట్టె పాడై గోదాముల పడి ఉండె. లోపల ఒక్క రీలు మిగిలింది. తాత, నేను కలిసి బాగు చేసినం. మంగళవారం సాయంత్రం ఆడింది." ఇమ్రాన్ తల ఎత్తాడు. "అందరూ తెల్ల కోట్లేసుకున్నరక్కా. ఫిడేలు, పియానో, డ్రమ్ములు. నడుమల మా పర్‌దాదా. ఎడమ చెయ్యి మీటల మీద ఆడుతున్నది. కుడి చెయ్యి కోటు జేబుల ఉన్నది, వేళ్లు లేని చెయ్యి కనిపియ్యొద్దని. మా బ్యాండు పెండ్లి పిల్లగాన్ని గుర్రం దించేటప్పుడు ఊదే పాట, మా గత్తు, ఉన్నది చూడు, అదే ఊదుతుండు. మా ఇంట్ల ఆయనది ఒక్క ఫోటో లేదు. ఏడ్చిన. తాత కూడ ఏడ్చిండు."

"ఆ రీలు నీకిస్తనన్నడా?"

"అమ్మీకి చూపిచ్చినంక తీస్కపొమ్మన్నడు. కానీ పైలం, బయట మిషన్ మీద ఎయ్యకు అన్నడు. పెట్టె లోపల అద్దాలుంటయట. ఆ అద్దాల కోసమని కంపెనీవాళ్లు బొమ్మను తిప్పి అచ్చేసిండ్రట. వాళ్ల బాపు ఒకసారి డేరాల మామూలు మిషన్ మీద ఏస్తే తెర మీద అంతా తిరగబడి వచ్చిందట. జనం నవ్విండ్రట."

"ఇంకెవరన్నా అడిగిండ్రా దాన్ని?"

"శ్రవణ్‌కుమార్ సార్ అని హైదరాబాదాయన. పాత రీళ్లు జమ చేస్తడు, పుస్తకాలు రాస్తడు. మన హైదరాబాద్ జాజ్ ఆర్కెస్ట్రా బొమ్మ లోకంల ఇంకోటి లేదు, ఫారిన్‌ల చూపిస్తనని తాత ఎనకవడ్డడు. ఇమ్రాన్‌కే ఇస్త, వాని ముత్తాత ఉన్నడు అందుల అని తాత చెప్పిండు. ఆయన అదే రాత్రి నాకు ఫోన్ చేసిండు, అది మీ ముత్తాత అని ఎట్ల చెప్తవని. ఎడమ చెయ్యి సంగతి చెప్పిన. నవ్విండు."

బుధవారం పగలు ఇమ్రాన్ తల్లిని తీసుకుని గోదాముకు బయలుదేరాడు. ఆమె వెనక నడిచి వస్తోంది, ఇతను ముందు వెళ్లాడు. షట్టరు సగం దించి ఉంది, లోపలినుంచి పొగ. పాకుతూ పోయి వెతికితే ముసలాయన చెయ్యి దొరికింది. కాలుతున్న షామియానా మీదపడితే చేతులతో నెట్టేసి బయటికి లాగాడు. ఆ రాత్రే దవాఖానలో సీతారాములు ప్రాణం పోయింది. తెల్లారేసరికి ఇమ్రాన్‌ను అక్కడే పట్టుకున్నారు. చేతులు కాలాయి కాబట్టి తగలబెట్టింది వాడేనన్నారు.

"తాత ఏమన్నా చెప్పిండా?"

"రీలు, రీలు అన్నడు. గంతే."

"ఇక్కడ కొట్టిండ్రా నిన్ను?"

"లేదక్కా. పెద్దసారు మంచిగనే ఉన్నడు. నవ్వుకుంట చాయ్ తాగిపిచ్చిండు."

మంజుల లేచి నిలబడింది. కొట్టారని చెప్పి ఉంటే ఆమె మనసు ఇంకాస్త కుదురుగా ఉండేది.

ఠాణా మెట్ల మీద ఇమ్రాన్ తల్లి తాహేరా కూర్చుని ఉంది. ఒళ్లో పాత శాలువాలో చుట్టిన కొడుకు ట్రంపెట్. దాన్ని ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. మంజుల వెంట ఆటోలో గోదాము దాకా వచ్చింది.

"మా అత్త చెప్పేది బేటీ," అంది తోవలో. "మా మామ దొరల నడుమ తెల్ల కోటేసుకొని ఊదిండు అని. ఎవ్వరూ నమ్మలే. పెండ్లిళ్లల్ల బాజా ఊదెటోళ్లకు గింత షోకు ముచ్చట్లా అని నవ్విండ్రు. మావాళ్లు కూడ నవ్విండ్రు. ఆఖరికి మా అత్త చెప్పుడే బంద్ చేసింది."

గోదాము తాళంచెవి సీతారాములు ఇంటివాళ్లే ఇచ్చారు. వాళ్లకూ ఇమ్రాన్ మీద అనుమానం లేదు. తాహేరాను వాకిట్లో ఉంచి మంజుల లోపలికి వెళ్లింది.

షామియానా గుడ్డలు, కొబ్బరి పీచు పరుపులు కాలి నల్లటి కుప్పలయ్యాయి. ప్లాస్టిక్ కుర్చీలు కరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కిరోసిన్ స్టవ్ గుడ్డల కుప్ప పక్కన బోర్లా పడి ఉంది. మంట అక్కడ పుట్టింది, అది పోలీసు ఫోటోల్లో కూడా కనిపిస్తుంది. పెట్టె ఉన్నది దానికి ఎదురు మూలన. అగ్గి అక్కడికి చివరగా వచ్చింది. పర్వతాలు కథ ప్రకారం అయితే ఇమ్రాన్ బీడీ అంటించాడు, రీలు భగ్గుమంది, అక్కడినుంచి గోదాము అంటుకుంది. అంటే మంట పెట్టె దగ్గర పుట్టాలి.

పెట్టె ముందరి టేకు చెక్క బొగ్గయింది. అద్దం తెర పగిలి రాలింది. వెనక చిన్న తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల రీలు కూర్చునే ఇనుప పళ్లెం. మంజుల ఫోన్ లైటు వేసి వంగింది. పళ్లెం మీద మసి అంచు నుంచి అంచు దాకా ఒకే తీరుగా పేరుకుంది. రీలు అక్కడే ఉండి ఉంటే దాని కింద గుండ్రంగా మసి పట్టని మచ్చ మిగిలేది. కరిగి ఉంటే ముద్ద మిగిలేది. రెండూ లేవు. పొగ రాకముందే రీలు ఆ పళ్లెం దిగింది.

దీపం ముందు ఫిల్ము జారే సన్నటి సందులో ఏదో ఇరుక్కుని ఉంది. తల పిన్నుతో మెల్లగా లాగింది. చూపుడు వేలంత ఫిల్ము ముక్క. ఒక పక్క చింపినట్టు తెగింది. వేడికి అంచు ముడుచుకుపోయింది తప్ప కాలలేదు. ఎవరో తొందరలో రీలును గుంజుకుంటే తెగి మిగిలిన ముక్క అది. వెంటనే ఫోటో తీసి వకీలుకు పంపింది.

తల ఎత్తితే పైన అద్దాలు కనిపించాయి. పగుళ్లు వచ్చినా ఏటవాలుగా అట్లాగే నిలబడ్డాయి. ఆమెకు రామన్నపేటలో నాయిన నేసిన మగ్గం గుర్తొచ్చింది. చీర బొమ్మ కింది వైపు పడేది. నాయిన మగ్గం కింద ఒక అద్దం పెట్టుకుని, అందులో చూస్తూ నేసేవాడు. చిన్నప్పుడు మంజుల ఆ అద్దంలో చూసి, చిలుక ముక్కు అటు కదా ఉంది నాయినా అని గోల చేసేది. ఈ పెట్టె కూడా అంతే. బొమ్మ తిరగేసి అచ్చయింది, అద్దాలు దాన్ని సరిచేసి చూపిస్తాయి.

బయట జీపు ఆగిన చప్పుడైంది. దాని వెనకే ఒక తెల్ల కారు.

పర్వతాలు షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు. వెంట ఉన్నవాడు నూలు కుర్తా, బంగారు రంగు కళ్లద్దాలు పెట్టుకున్న నలభై ఏళ్ల మనిషి. అడగకుండానే శ్రవణ్‌కుమార్ అని తెలిసిపోయింది.

"కేసు జాగల నీకేం పని?" ఈసారి అరిచాడు పర్వతాలు.

"ఇంటోళ్లు తాళంచెవి ఇచ్చిండ్రు సార్. మీ క్లూస్ టీం పని నిన్ననే అయిపోయింది. సీల్ ఎయ్యలే." ఆమె రెండోవాడి వైపు తిరిగింది. "శ్రవణ్‌కుమార్ గారూ, పాత రీలు అగ్గిపుల్ల తగిలితే భగ్గుమంటుందని సీఐ గారికి చెప్పింది మీరేనా?"

"అవునండీ," అన్నాడతను మర్యాదగా. "పాత ఫిల్మ్ అంటే సగం పేలుడు మందే. దానివల్ల ఎన్ని థియేటర్లు తగలబడ్డాయో లెక్కలేదు."

"మీరు ఈ రీలు చూశారా?"

"ఆ అదృష్టం లేకపోయింది. స్టేట్‌మెంట్‌లో కూడా అదే చెప్పాను. ఒక్కసారైనా చూడకుండానే బూడిదైపోయింది. నా బాధ మీకు అర్థం కాదు."

"అర్థమైతుంది." మంజుల అరచెయ్యి చాపింది. "ఇది పెట్టెల ఇరుక్కొని ఉన్నది. చుట్టూ టేకు చెక్క బొగ్గయింది, ఇది మాత్రం ముడుచుకున్నది, గంతే. టాకీసుల ఆడే పెద్ద ఫిల్ము భగ్గుమనేది, నిజమే. గీ సన్న ఫిల్ము క్యాంటీన్లల్ల జనం నడుమ ఆడేందుకు చేసింది. దీనికి మంట పట్టదు, కరుగుతది. పుస్తకాలు రాసినాయన మీరు, గా తేడా తెల్వదా? తెలిసే సీఐ గారికి తప్పు చెప్పిండ్రా?"

శ్రవణ్‌కుమార్ కళ్లద్దాలు తీసి కుర్తా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంకోటి. రీలు కాలనే లేదు. పళ్లెం మీద ముద్ద లేదు, మచ్చ లేదు. మంట రాకముందే ఎవరో గుంజుకపోయిండ్రు. సీతారాములు అడ్డం వచ్చి ఉంటడు. ఆ పెనుగులాటల స్టవ్ పడ్డది."

"గుంజితే ఆ పోరడే గుంజిండు!" పర్వతాలు ముందుకొచ్చాడు.

"ఎందుకు సార్? ముసలాయన పిలిచి ఇస్తనన్నడు. తల్లి చూసేందుకు ఎనక వస్తున్నది. చేతిల పెట్టే వస్తువును ఎవడన్నా గుంజుకుంటడా? దాని కోసం మనిషిని చంపుతడా?"

"ఎందుకా? చెప్త విను, నువ్వు ఉద్యోగం ఇడిసిపెట్టి బుర్ర కూడ ఇడిసిపెట్టినట్టున్నవ్." పర్వతాలు ముఖం ఎర్రబడింది. ఆమె ముందు ఓడిపోవడం అతనికి ఏనాడూ పడదు. "అందుల వాళ్ల తాత లేడు కాబట్టి! మా తాత ఎడమ చేతోడు, మా తాత ఎడమ చేతోడు అని ఊరంత చాటిచ్చుకున్నడు. తీరా చూస్తే బొమ్మల ఊదెటోడు కుడి చేతితోని ఊదుతుండు. ఎడమ చెయ్యి జేబుల పెట్టుకొని మస్తు షాన్‌గ నిలబడ్డడు. ఎవడో దొర వాడు. పోరనికి పరువు పోయింది, తల తిరిగింది, ముసలాన్ని కొట్టిండు. అయిపాయె కేసు."

"బావా!" అన్నాడు శ్రవణ్‌కుమార్.

పర్వతాలు చటుక్కున బామ్మర్ది వైపు తిరిగాడు. బయట తాహేరా దగ్గడం వినిపించింది.

మంజుల ముఖంలో ఏమీ కనబడనివ్వకూడదని గట్టిగా అనుకుంది. లోపల మాత్రం మంట లేచింది. ఆ బొమ్మను పెట్టెలో చూసినవాళ్లు ఇద్దరే, సీతారాములు, ఇమ్రాన్. వాళ్లకు కనిపించింది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి కనిపించాలంటే రీలును పెట్టెలోంచి తీసి, అద్దాలు లేని మామూలు మిషన్ మీద గోడకు వేసి చూడాలి. అప్పుడే అంతా తిరగబడుతుంది. రీలు మంగళవారం సాయంత్రం దాకా పెట్టెలో ఉంది. బుధవారం మంటతో మాయమైంది. అంటే ఆ తర్వాత బావ, బామ్మర్ది కూర్చుని గోడ మీద వేసుకుని చూశారు. జేబులో పెట్టుకున్న చెయ్యితో సహా చూశారు. చూసి, ఇందులో లాల్ మియా లేడు, పోరడి కోపానికి మంచి కారణం దొరికింది అని కేసు అల్లుకున్నారు. అబద్ధానికి ఊతంగా పెట్టుకున్న ఆ బొమ్మే వాళ్లను పట్టించింది.

ఎనభై ఏళ్ల కిందట వేళ్లు లేవని ఒక చెయ్యి దాచిపెట్టించారు. ఇప్పుడు ఉన్న చేతిని కూడా లేదంటున్నారు.

"నాకు పనుంది, వెళ్తాను," అన్నాడు శ్రవణ్‌కుమార్ ఎవరివైపూ చూడకుండా. పర్వతాలు అతని చెవిలో ఏదో చెప్పాడు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

"ఆ ముక్క ఇటియ్యి," అన్నాడు పర్వతాలు.

"పంచనామా రాసి, సాక్షుల ముందల తీస్కోండ్రి."

"ఇయ్యి."

చేతిలోంచి లాక్కున్నాడు. జేబులోంచి లైటర్ తీసి ఫిల్ము ముక్క కింద పెట్టాడు. అది నల్లబడింది, మెలి తిరిగింది, బొట్టుగా కరిగి అతని బొటనవేలి మీద పడింది. చెయ్యి విదిలించుకున్నాడు. మంట మాత్రం అంటుకోలేదు.

"చూసిండ్రా సార్," అంది మంజుల. "అంటుకోలే."

పర్వతాలు వేలు చీకుతూ ఆమెను కాసేపు చూశాడు. ఆమె ఎంతవరకు అర్థం చేసుకుందో అతనికి తెలిసిపోయింది. అప్పుడు నవ్వాడు.

"పొద్దుగాల పోరడు ఒప్పుకున్నడు తెలుసా? కిరోసిన్ డబ్బ మేళ్లచెరువు దిక్కు ఒక పాత సున్నపురాయి గనిల పడేసిండట. మూతపడ్డ గని. నీళ్లు నిండి ఉన్నయట. ఇయ్యాలనే తోల్కపోయి జాగా చూపిపిచ్చుకోవాలె. రేపు కోర్టు ఉన్నది గద."

"ఇక్కడ తగలబెట్టినోడు డబ్బ పడేసేందుకు అంత దూరం పోయిండా? రాత్రంత దవాఖానల ఉన్నోడు ఎప్పుడు పోయిండు?"

"అదే అడుగుత వాన్ని."

జీపు వెళ్లిపోయింది. గుర్వయ్యను కూడా జాగా చూపించడానికే తీసుకుపోయారు. ముద్దాయి చస్తే కేసు మూసేస్తారు, రీలు ఎక్కడని అడిగేవాడుండడు. ఎస్పీ ఆఫీసుకు ఫోన్ చేసింది. సార్ మీటింగులో ఉన్నారన్నారు. వకీలుకు చేసింది. పిటిషన్ వేస్తాను, సాయంత్రమవుతుంది అన్నాడు. సాయంత్రం దాకా పర్వతాలు ఆగడు.

వాకిట్లోకి వచ్చి తాహేరా చేతులు పట్టుకుంది.

"అమ్మా, మీ మరిది హమీద్ చాచాకు ఫోన్ చెయ్యి. బ్యాండోళ్లందరు వెంటనే ఠాణా ముందలికి రావాలె. గేటుకు అడ్డం నిలబడి ఊదాలె. వంద మంది చూస్తుండాలె, ఫోన్లల్ల తీస్తుండాలె. ఇమ్రాన్‌ను బండి ఎక్కియ్యనియ్యొద్దు."

"ఇయ్యాల ముహూర్తం బేటీ. వాళ్లు బరాత్‌ల ఉన్నరు."

"బరాత్ ఇడిసిపెట్టి రమ్మను."

ఇడిసిపెట్టి వచ్చారు. గుర్రం మీద పెళ్లికొడుకును నడిరోడ్డున వదిలేసి, ఎర్ర కోట్లు, జరీ టోపీలతో వ్యాను దిగారు. హమీద్ ముందు నిలబడ్డాడు. ఎడమ చేతులు మీటల మీదికి లేచాయి. లాల్ మియా నేర్పిన గత్తు ఎత్తుకున్నారు. దుకాణాలవాళ్లు బయటికొచ్చారు, బస్సులు ఆగాయి, జనం ఫోన్లు ఎత్తారు. పెళ్లి ఏదని అడిగినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. తాహేరా మాత్రం జీవితంలో మొదటిసారి కొడుకు ట్రంపెట్‌ను శాలువా తీసి పైకెత్తి పట్టుకుంది.

ఠాణా లోపలినుంచి పర్వతాలు జీపు గేటు దాకా వచ్చి ఆగింది. అడ్డంగా నిలబడ్డ బ్యాండును చూశాడు. దిగలేదు, హారన్ కొట్టించలేదు, అరవలేదు. సీటుకు ఆనుకుని పాట వింటూ కూర్చున్నాడు. వేళ్లతో తలుపు మీద తాళం కూడా వేశాడు.

చాయ్ చల్లారితే ఊరు ఏకం చేసే మనిషి అంత నిదానంగా ఎందుకున్నాడో మంజులకు ఒక్కసారిగా తట్టింది. జీపు వెనక్కి పరుగెత్తి తలుపు లాగింది. వెనక సీట్లో ఇమ్రాన్ లేడు.

"ఊదమను మంజులా," అన్నాడు పర్వతాలు నవ్వుతూ. "మంచిగ ఊదుతున్నరు. ఎంతసేపైనా ఊదమను."

ఠాణా మెట్ల మీద ఎల్లేష్ తల దించుకుని నిలబడ్డాడు. మంజుల అతని భుజం పట్టి ఇమ్రాన్ ఏడని అడిగింది.

"తెల్ల కారుల ఎక్కిచ్చిండ్రు మేడం. మీరు రాకముందే. శ్రవణ్ సారు, ఇద్దరు జవాన్లు. ఎనక గేటు నుంచి పోయిండ్రు."

గత్తు ఆగింది. ఒకరి తర్వాత ఒకరు ట్రంపెట్లు దించారు. మంజుల హమీద్‌ను వ్యాను వైపు నెట్టింది. "ఎక్కుండ్రి, అందరు ఎక్కుండ్రి. మేళ్లచెరువు తొవ్వ పట్టు." ఎర్ర కోట్లన్నీ డోళ్ల మధ్య కుక్కుకున్నాయి. వ్యాను హైవే ఎక్కింది. తాహేరా మంజుల పక్కన కూర్చుని ట్రంపెట్‌ను గుండెకు హత్తుకుంది.

"ఆ గనిల నీళ్లున్నయన్నడు గద ఆ సారు," అంది. "గోదాముల అన్నది వాకిట్లకు ఇనవడ్డది."

"అవును అమ్మా."

"మా ఇమ్రాన్‌కు ఈత రాదు బేటీ."